పాత కంప్యూటరు, ఫ్లాపీల డబ్బా, ఒక తేదీ

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



పాత కంప్యూటర్ల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, "డి.ఎ. బకాయిల గురించి మాట్లాడితే చప్పట్లు కొడతారు గాని, దీనికెవరు కొడతారండీ?" అన్నాను. "చప్పట్లు అక్కర్లేదు, ఆ సహాయ నిధి తేదీ ఎలా తేలిందో సభలో చెప్పండి, చాలు. తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు" అన్నారు. అందుకని ఒప్పుకున్నాను. నేను ఇంజనీరును కాను. 1972లో ఎల్.డి.సి.గా చేరి, టైపు మిషను మీద వేళ్ళు అరగదీసుకుని, 2008లో రిటైరైన గుమాస్తాను. తెలిసినంతవరకు మనవి చేస్తాను.

మన సంఘానికి కుటుంబ సహాయ నిధి ఉన్న సంగతి మీకు తెలుసు. సభ్యుడు కాలం చేస్తే కుటుంబానికి ఒక మొత్తం ఇస్తాము. 1993 జూన్ 30 లోపల చేరినవారికి ఒక రేటు, తర్వాత చేరినవారికి ఇంకొక రేటు. రెండింటికీ తేడా 20,000 రూపాయలు. పెద్ద ఉద్యోగాలు చేసినవారికి అది పెద్ద మొత్తంగా కనిపించకపోవచ్చు. ఉద్దానం తీరాన ఒక చిన్న ఊళ్ళో, భర్త కిడ్నీల జబ్బుతో రెండేళ్ళపాటు డయాలసిస్‌కని విశాఖ తిరిగి తిరిగి, ఉన్న జీడితోట కూడా కుదువపెట్టిన ఇల్లాలికి అది పెద్ద మొత్తమే. ఆ సభ్యుడు 2022లో పోయారు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైంది 2023 డిసెంబరులో. ఆయన దానిని చూడలేదు.

ఆమె దరఖాస్తుతోపాటు సభ్యత్వపు చీటీ తెచ్చింది. డాట్ మాట్రిక్స్ ప్రింటరు మీద తీసిన చీటీ. ఆయన ముందుచూపు గల మనిషి, దానిని లామినేషన్ చేయించి ట్రంకుపెట్టెలో పెట్టుకున్నారు. అందులో చేరిన తేదీ 03/12/93 అని ఉంది. నిధి కమిటీలోని పెద్దలు చూశారు. మూడవ తేదీ, పన్నెండవ నెల. అంటే డిసెంబరు. అంటే జూన్ దాటిపోయింది. రెండవ రేటు రాశారు.

ఆమె మా ఇంటికి వచ్చింది. "అన్నయ్యగారూ, ఆయన మార్చిలో కట్టినారు. మా పెద్దపాప పురుడు ఆ నెల్లోనే అయింది. పురిటి ఖర్చుకుంచిన డబ్బులోంచి తీసి కట్టినారని ఆరోజు నేను తగువాడినాను కూడా. నాకు బాగా గుర్తు" అంది. మార్చి 12 అని నాకు అర్థమైపోయింది. కాని కమిటీ ముందు పురుడు సాక్ష్యం నిలబడదు. అది వారి తప్పని నేను అనను. నిధి అందరిదీ, కాగితం లేనిదే పైసా కదలకూడదు. మనమందరం సర్వీసంతా అలాగే పనిచేశాము.

కాగితం ఎక్కడుంది? చేతిరాత లెడ్జరు 2018 అక్టోబరు 11న తిత్లీతో పోయింది. ఆ తెల్లవారుజామున తుపాను మన పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు మొదలంటా ఒరిగిపోయాయి, జీడితోటలు వేళ్ళతో లేచిపోయాయి. అప్పుడు మన సంఘం అద్దెకున్న గది రేకులు ఎగిరి, లెడ్జర్లు మూడు రోజులు నీళ్ళలో నానాయి. తీసేసరికి అట్టలు మిగిలాయి, లోపల ముద్ద. 2003లో కొన్న కంప్యూటరులోకి ఎవరో సభ్యుల పేర్లు, చిరునామాలు ఎక్కించారు గాని తేదీలు ఎక్కించలేదు. చేరిన తేదీలున్నది ఒకే ఒక్క చోట: మా ఇంటి అటక మీద బిస్కెట్ల డబ్బాలో ఉన్న 11 ఫ్లాపీలలో.

ఆ ఫ్లాపీల వెనుక కథ చెప్పాలి. 1994లో మన సభ్యుడొకరి కుమారుడు విశాఖలో తన ఆఫీసు సామాను మారుస్తూ ఒక 386 కంప్యూటరు మన సంఘానికి ఇచ్చారు. అప్పటికి కంప్యూటరంటే జిల్లాలో చాలామందికి కలెక్టరేటులో ఎన్.ఐ.సి. వారి గది, ఆ గదికున్న ఏ.సి., లోపలికి వెళ్ళాలంటే గుమ్మం దగ్గర విడవాల్సిన చెప్పులు. రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి 'కార్డ్' కంప్యూటర్లు వచ్చింది 1998 నవంబరులో. దానికి నాలుగేళ్ళ ముందే మన దగ్గర ఒకటి ఉందని మా వాళ్ళకు గర్వంగా ఉండేది. నేను అప్పుడు సర్వీసులోనే ఉన్నాను. టైపు వచ్చినవాడినని పెద్దలు పిలిస్తే సాయంత్రాలు వచ్చి, లెడ్జరు పక్కన పెట్టుకుని, ఫాక్స్‌బేస్ అనే ప్రోగ్రాములో పేరు, ఊరు, చేరిన తేదీ, నామినీ ఒక్కొక్కటే కొట్టాను. పేర్లన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాలలోనే. తెలుగు రావాలంటే జిస్ట్ కార్డని వేరే అమర్చాలి, దానికి డబ్బు లేదు. రోజూ పని ముగిశాక ఫ్లాపీ మీద రెండు ప్రతులు తీసేవాడిని. ఇది కార్బన్ పేపరు కాలం నాటి అలవాటు. సభ్యులకు చీటీలు ప్రింటు తీసి పంచింది తర్వాత వేరొక కుర్రవాడు.

ఫాక్స్‌బేస్ అమెరికాలో తయారైనది. మనం ఫలానా విధంగా చూపించమని చెప్పకపోతే తేదీని అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత చూపిస్తుంది. చీటీ మీద 03/12/93 అంటే మార్చి 12 అయ్యే అవకాశం పూర్తిగా ఉంది. కాని అవకాశం ఉన్నదన్నంత మాత్రాన సరిపోదు గదా. అసలు సంగతేమిటంటే ఆ ప్రోగ్రాము తేదీని తెరమీద ఎలా చూపినా, ఫైలు లోపల మాత్రం ఎప్పుడూ ఒకే పద్ధతిలో రాసుకుంటుంది. ముందు సంవత్సరం నాలుగు అంకెలు, తర్వాత నెల రెండు, తర్వాత రోజు రెండు. మొత్తం ఎనిమిది అంకెలు. అక్కడ తికమకకు చోటు లేదు. 2000 సంవత్సరం వచ్చినప్పుడు ఊరంతా కంగారుపడిన రెండంకెల జబ్బు కూడా ఆ ఫైలుకు లేదు. కనుక ఫైలు తెరిచి ఆ ఎనిమిది అంకెలు చూస్తే చాలు, తగవు తీరిపోతుంది.

తెరవడం ఎలా? ఫ్లాపీలు పాతకాలపు పెద్దవి, 5¼ అంగుళాలవి. ఇప్పుడు బజారులో యు.ఎస్.బి. ఫ్లాపీ డ్రైవని దొరికేది 3½ అంగుళాల చిన్న ఫ్లాపీకి మాత్రమే. కాశీబుగ్గలో అడిగాను, శ్రీకాకుళంలో అడిగించాను. పెద్ద ఫ్లాపీని చేతిలో పట్టుకుని "ఏటండీ ఇది, విసనకర్రా?" అన్నాడొక కుర్రాడు. వాడి తప్పు కాదు, వాడు పుట్టేనాటికే అవి పోయాయి. ఆ ఫ్లాపీని చదవగల యంత్రం మాకు తెలిసినంతలో ఒక్కటే ఉంది. అది కూడా మా అటక మీదే ఉంది.

దానిని దింపాము. మా మనవడు, టెక్కలిలో ఇంజనీరింగు చదువుతున్న వాడి స్నేహితుడు, నేను. మా ఆవిడ గోనెపట్టా పరిచి, "ఆ బూజు ఇంట్లో దులపకండి" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. మూత తీస్తే లోపల మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ కారి, చుట్టూ పచ్చగా, తెల్లగా పొడి కట్టింది. మన తీరపు గాలి సంగతి చెప్పేదేముంది, నౌపడా ఉప్పుమడుల నుంచి బారువ వరకు ఇనుము ఏదైనా రెండు వర్షాకాలాలు ఆగదు. ఆ బ్యాటరీలో కారేది క్షారం. అందుకని ముందు వెనిగరుతో, తర్వాత స్పిరిటుతో బ్రష్షు పెట్టి శుభ్రం చేశాము. సెల్‌ఫోన్లు బాగుచేసే అబ్బాయి తెగిన రెండు గీతలను అతికాడు. కరెంటు పెడితే యంత్రం లేచింది! 'బీప్' అని ఒక్క కూత. తేదీ మాత్రం 1980 జనవరి 1 అని చూపించింది. బ్యాటరీ చచ్చిన పాత యంత్రాలన్నీ ఆ తేదీకే వెళతాయి. నాకైతే పర్వాలేదనిపించింది, అప్పటికి నాకు నిండా ముప్పై ఏళ్ళు.

హార్డ్ డిస్కు మాత్రం తిరగలేదు. బిగుసుకుపోయింది. హార్డ్ డిస్కుతోపాటు అందులో ఉండే డాస్ కూడా పోయింది. డాస్ ఒరిజినల్ ఫ్లాపీలకు బూజు పట్టింది. ఇప్పుడు మా పరిస్థితి ఎలా ఉందంటే, ఆఫీసు భవనం బాగుంది, బల్లలు బాగున్నాయి, ఫైళ్ళు కూడా ఉన్నాయి, హెడ్ గుమాస్తా లేడు. ఆపరేటింగ్ సిస్టమంటే హెడ్ గుమాస్తాయే. ఏ ఫైలు ఏ బీరువాలో ఉంది, ఎవరికి ఏ పని చెప్పాలి అన్నీ ఆయనకే తెలుసు. ఆయన లేకపోతే యంత్రం తలుపు తీసి నిలబడుతుంది, అంతే.

కొత్త హెడ్ గుమాస్తాను లోపలికి ఎలా పంపాలి? ఈనాటి ఆపరేటింగ్ సిస్టములు పెన్‌డ్రైవు మీద వస్తాయి. 386కి యు.ఎస్.బి. రంధ్రమే లేదు. సీడీ నుంచి ఎక్కిద్దామంటే, సీడీ నుంచి కంప్యూటరు మొదలయ్యే పద్ధతి ఖరారైందే 1995లో. ఈ యంత్రం అంతకంటే ముందుది. ఇంటర్నెట్టు మాట ఎత్తనక్కరలేదు. దానికున్న ద్వారం ఒక్కటే, ఫ్లాపీ నోరు. కరెంటు రాగానే బయాస్ అనే కాపలావాడు మొదట ఏ డ్రైవు దగ్గరకు వెళ్ళి, అక్కడి ఫ్లాపీ మొదటి గడిలో 512 బైట్లు చదువుతాడు. అందులో సరైన రాత ఉంటే మిగతాదంతా దాని వెంట లోపలికి వస్తుంది. లేకపోతే 'సిస్టమ్ డిస్కు పెట్టండి' అని ఆగిపోతాడు. ఆ ఒక్క ద్వారంలోంచి పట్టేంత చిన్నగా, ముక్కలు ముక్కలుగా, ఈనాడు కూడా ఎవరైనా ఆపరేటింగ్ సిస్టమును తయారుచేస్తున్నారా?

చేస్తున్నారు. ఇది చెప్పడానికే నేను ఇంతసేపు మీ సమయం తీసుకున్నాను.

దాని పేరు ఫ్రీడాస్. మీలో కొందరు ఆ పేరు విని ఉంటారు. పిల్లలకు లాప్‌టాప్ కొనేటప్పుడు కొట్టువాడు "విండోస్ మోడల్ అయితే ఇంత, డాస్ మోడల్ అయితే నాలుగు వేలు తక్కువ" అనేవాడు చూడండి, ఆ డాస్ చాలాసార్లు ఇదే. మనం అది కొని, మర్నాడే దానిని తుడిచేసి వేరేది ఎక్కించేవాళ్ళం. అది ఎవరు చేశారు, ఎందుకు చేశారు అని ఎవరమూ అడగలేదు.

1994లో అమెరికాలో జిమ్ హాల్ అని ఒక విద్యార్థి, ఫిజిక్సు చదువుకునేవాడు. మైక్రోసాఫ్ట్ కంపెనీ వారు ఇక డాస్ కాలం చెల్లిందని, అంతా విండోస్ వైపే అని చెబుతున్న రోజులవి. ఇతనికి డాస్ ఇష్టం, తన పనులన్నీ దానిమీదే చేసుకునేవాడు. కంపెనీ ఆపేస్తే ఆపేసింది, మనమే ఒకటి రాసుకుందాం, అందరికీ ఉచితంగా ఇద్దాం అని ఆ సంవత్సరం జూన్ 29న ప్రకటించాడు. పాట్ విలానీ అనే ఆయన లోపలి గుండెకాయ లాంటి కెర్నెల్ ఇచ్చాడు. టిమ్ నార్మన్ అనే ఆయన మనం కొట్టే ఆదేశాలను అందుకునే భాగం రాశాడు. జీతం లేదు, ఇంక్రిమెంటు లేదు. మొదటి పూర్తి ప్రతి, 1.0, వచ్చేసరికి 2006 సెప్టెంబరు అయింది. పన్నెండేళ్ళు! మన పే రివిజన్లు నయం. తర్వాత 1.3వ ప్రతి 2022 ఫిబ్రవరిలో, 1.4వ ప్రతి 2025 ఏప్రిల్‌లో వచ్చాయి. ఈ రెండింటిలోనూ పెన్‌డ్రైవుకు, సీడీకి వేరే వేరే ప్రతులుండగా, ఫ్లాపీల కోసమే ప్రత్యేకంగా ఒక ప్రతి తయారుచేశారు. పాత 8086, 286 యంత్రాలు ఉన్నవారు కూడా ఎక్కించుకోవచ్చు.

ఒకసారి ఆలోచించండి. ఫ్లాపీలు తయారుచేసే పెద్ద కంపెనీ సోనీ 2011 మార్చితో జపానులో వాటి అమ్మకం మానేసింది. పదకొండేళ్ళ తర్వాత కొందరు మనుషులు కూర్చుని, సరుకును కుదించి, ఒక్కొక్క ముక్కా 1.44 ఎం.బి. దాటకుండా కొలిచి కట్టారు. ఈ రోజుల్లో సెల్‌ఫోనులో మనవరాలి ఫొటో ఒక్కటే అంతకు రెండింతలుంటుంది. ఎవరు అడుగుతారని చేశారు? ఎక్కడో ఒకరు అడుగుతారని చేశారు. 2022లో ఆ ఎక్కడో మన పలాస అయింది.

ఇక మా పని. కుర్రాళ్ళు ఇంటర్నెట్టులోంచి ఫ్లాపీ ప్రతిని దించారు. ఖాళీ చిన్న ఫ్లాపీలు కావాలి. పెళ్ళి శుభలేఖలు వేసే ఒక డి.టి.పి. కొట్టులో పాత స్టాకు రెండు పెట్టెలు దొరికాయి. కొట్టాయన డబ్బు తీసుకోలేదు, పెట్టె ఖాళీ అయితే చాలన్నాడు. అందులో మూడో వంతు పనికిరాలేదు. మంచివి ఏరి, యు.ఎస్.బి. డ్రైవుతో వాటిమీద రాశాము. మొదటిది బూటు ఫ్లాపీ, మిగతావి సరుకున్న ఫ్లాపీలు.

అప్పుడొక చిక్కు వచ్చింది. మన యంత్రంలో ఏ డ్రైవు పెద్ద ఫ్లాపీది, బి డ్రైవు చిన్నది. కాపలావాడు ఏ తలుపే కొడతాడు, బి వైపు చూడడు. మా రాతలన్నీ చిన్నవాటి మీద ఉన్నాయి. ఆ టెక్కలి అబ్బాయి ఒక రాత్రి చదువుకుని వచ్చి, "తాతగారూ, ఈ కేబులు మధ్యలో కొన్ని తీగలు మెలిపెట్టి ఉన్నాయి చూశారా? మెలిక దాటిన తర్వాత తగిలించినదే ఏ డ్రైవు. అటుదిటు, ఇటుదటు మారిస్తే సరి" అన్నాడు. మార్చి, సెటప్పులో కూడా ఏ, బి తారుమారు చేశాము. ముప్పై ఏళ్ళ కిందట నన్నెవరో మెకానిక్ ఆ మెలిక గురించి ఇలాగే చెప్పి భయపెట్టినట్టు గుర్తు. ఇప్పుడు భయం లేదు, పోయేదేముంది?

హార్డ్ డిస్కు బదులు పాత కెమెరాలో వాడే 256 ఎం.బి. కార్డును, దానిని కేబులుకు తగిలించే చిన్న పలకను తెప్పించాము. పెద్ద కార్డు ఎందుకు కొనలేదని మావాడు అడిగాడు. అంత పాత బయాస్‌కు 504 ఎం.బి. దాటితే లెక్క రాదు. సిలిండర్లు ఇన్ని, హెడ్లు ఇన్ని, సెక్టార్లు ఇన్ని అని మనమే చేత్తో నింపాలి, దరఖాస్తు ఫారం నింపినట్టు. బ్యాటరీ లేదు గనుక ఆపిన ప్రతిసారీ మళ్ళీ నింపాలి. నింపాము.

బూటు ఫ్లాపీ పెట్టి మీట నొక్కితే, ఆ పాత చప్పుడు, గర్... గర్... టక్ అని, మీలో విన్నవారికి తెలుసు, వంటింట్లోంచి మా ఆవిడ బయటకు వచ్చి చూసింది. తెరమీద అక్షరాలు వచ్చాయి. డిస్కులో విభజన లేదు, చేయమంటారా అని అడిగింది. చేయమన్నాము. ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. ఫార్మాట్ చేయమంటారా అంది. ఫార్మాటంటే ఇంకేమీ కాదు, తెల్లకాగితాల పుస్తకానికి గళ్ళు కొట్టి, పేజీ నంబర్లు వేసి, ముందు విషయసూచిక పేజీ వదిలి రిజిస్టరుగా మార్చడం. తర్వాత ఫలానా ఫ్లాపీ పెట్టండి, తీసి తర్వాతది పెట్టండి అని వరుసగా అడిగింది. మూడవది సగంలో ఆగిపోతే దానిని పారేసి ఇంకొకదాని మీద రాసి పెట్టాము. రెండు గంటలు పట్టింది. చివరకు ఫ్లాపీ తీసేసి యంత్రం ఆపి వేస్తే, తనంతట తాను లేచి, సీ డ్రైవు గుర్తు చూపించి, ఆజ్ఞ ఏమిటని మిణుకు మిణుకుమంటూ కూర్చుంది. 386కి మళ్ళీ హెడ్ గుమాస్తా వచ్చాడు.

ఇక బిస్కెట్ల డబ్బా. 11 ఫ్లాపీలలో నాలుగింటికి బూజు. ఇది దయచేసి గుర్తుంచుకోండి, బూజు పట్టిన ఫ్లాపీని అలాగే డ్రైవులో పెట్టకూడదు. ఆ బూజు చదివే ముల్లుకు అంటుకుని, తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీని కూడా గీసేస్తుంది. పై సంచి అంచు కత్తిరించి, లోపలి పలుచని చక్రాన్ని తీసి, డిస్టిల్డ్ వాటరులో ఒక చుక్క సబ్బు కలిపి మెత్తని బట్టతో తుడిచి, నీడన ఆరబెట్టి, వేరే మంచి ఫ్లాపీ సంచిలో దూర్చి వాడాము. ప్రతి ఫ్లాపీ తర్వాత ముల్లును స్పిరిటుతో తుడిచాము. అప్పడాలు ఆరబెట్టినట్టు వరండాలో నల్లటి చక్రాలు ఆరబెట్టుకుని కూర్చుంటే, పక్కింటివారు వచ్చి అడిగి వెళ్ళారు.

ఫాక్స్‌బేస్ ఉన్న ఫ్లాపీ కడిగినా చదవలేదు. సభ్యుల ఫైలు మొదటి ప్రతి సగం వరకు వచ్చి ఆగింది. ఎబార్టా, రిట్రైయా, ఫెయిలా అని అడుగుతుంది. రిట్రై అని నేను ఎన్నిసార్లు కొట్టానో లెక్కపెట్టలేదు. రాలేదు. రెండవ ప్రతి పెట్టాము. చదువుతూ, ఆగుతూ, మళ్ళీ చదువుతూ మొత్తం సీ డ్రైవులోకి దిగింది.

ఫాక్స్‌బేస్ లేకపోయినా ఆ ఫైలులో ఉండేది మామూలు అక్షరాలే. 'టైప్' అని డాస్ ఆదేశం ఉంది, ఫైలులో ఏముంటే అది తెరమీద పరుస్తుంది. పేర్లూ, ఊళ్ళూ, అంకెలూ ఖాళీ లేకుండా అతుక్కుపోయి పరుగెత్తాయి. ఆపి ఆపి చూశాము. వజ్రపుకొత్తూరు మండలం, ఆయన పేరు, ఊరు. పక్కనే 19930312.

ఆరోజే తీర్పు చెప్పలేదు నేను. ఫైలును చిన్న ఫ్లాపీ మీదికి, అక్కడినుంచి లాప్‌టాప్‌లోకి తీసుకెళ్ళి, లిబ్రె ఆఫీసు అనే ఉచిత ప్రోగ్రాములో తెరిస్తే గళ్ళలో చక్కగా పట్టిక వచ్చింది. దానిని ప్రింటు తీసి, 386ను కూడా ఆటోలో వేసుకుని నిధి కమిటీ సమావేశానికి వెళ్ళాము. ఒక పెద్దాయన, పేరు చెప్పను, ఇక్కడే కూర్చున్నారు, "ప్రింటు ఎలాగైనా తీయవచ్చు, ఫ్లాపీలో చూపించండి" అన్నారు. ఆయన అడిగింది సబబే, ఆడిటు పద్ధతి అదే. ఆయన కుర్చీ దగ్గరే యంత్రం పెట్టి, ఆయన చేతే ఆదేశం కొట్టించాము. కళ్ళద్దాలు తుడుచుకుని ఎనిమిది అంకెలూ పైకి చదివారు. ఆ పట్టికలో 13వ నెల, 18వ నెల ఎక్కడా లేవని, పన్నెండు దాటిన అంకెలన్నీ చివరనే ఉన్నాయని కూడా ఆయనే వెతికి చూపించి, నా పని తేలిక చేశారు. మొదటి రేటు ప్రకారం మిగతా 20,000 రూపాయలు రెండు వాయిదాలలో ఆమెకు చేరాయి. అదే సమావేశంలో, నెల, రోజు తారుమారయ్యే వీలున్న చీటీలన్నీ మళ్ళీ చూడాలని తీర్మానించారు. చీటీని ఎవరూ తప్పు చదవకుండా, అసలు తేదీ పక్కనే రాసిన కొత్త కార్డులు ఆ తర్వాతే మీకందరికీ ఇచ్చాము.

ఇదంతా చూసి "ఒక తేదీ కోసం ఇంత శ్రమా?" అన్నవారున్నారు. సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ తప్పుపడి ఏళ్ళ తరబడి తిరిగినవారు ఈ సభలోనే నలుగురున్నారు, వారిని అడగండి.

ఫ్లాపీలు పట్టుకుని వేలాడేది మనమొక్కరమే అనుకోకండి. జపాను ప్రభుత్వంలో దరఖాస్తులు ఫ్లాపీలలో ఇవ్వాలనే నిబంధనలు వెయ్యికి పైగా ఉంటే, వాటిని పూర్తిగా ఎత్తివేసింది 2024 జూన్‌లో. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు రైళ్ళను నడిపే వ్యవస్థ ప్రతి ఉదయం మన డబ్బాలోని లాంటి 5¼ అంగుళాల ఫ్లాపీలతోనే మొదలవుతూ వచ్చింది; దానిని మార్చడానికి ఒప్పందం కుదిరింది 2024 అక్టోబరులో. వారికి డబ్బుంది, మారుస్తారు. మనవంటి చిన్న సంఘాలకు ఎవరో ఒకరు ఆ చిన్న ద్వారం మూసేయకుండా ఉంచడమే ఆధారం. మన ఆఫీసులోని 'కొత్త' కంప్యూటరు సంగతి కూడా చెబుతాను. అందులో ఉన్న విండోస్ 10కి కంపెనీవారి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అదీ మన వరుసలోకి వచ్చేసింది.

నా అభిప్రాయం ఒకటి చెప్పి విరమిస్తాను. పాత యంత్రాలన్నీ దాచుకోమని నేను చెప్పను. ఇళ్ళలో చోటు లేదు, పిల్లలు ఊరుకోరు. యంత్రంలో ఉన్న రాతను ముందు బయటకు తీసి, మూడు చోట్ల పెట్టి, ఆ తర్వాత యంత్రాన్ని అమ్ముకోండి. పాత సామాను కొనేవాడు వచ్చినప్పుడు ఫ్లాపీల డబ్బాను మాత్రం వాడి తక్కెడలో వేయకండి.

386 ఇప్పుడు మన సంఘం గదిలో కిటికీకి దూరంగా, గుడ్డ కప్పి ఉంది. ప్రతి నెల రెండవ ఆదివారం ఉదయం పది గంటల నుంచి నేనుంటాను, సెలవులుంటే ఆ ఇద్దరు కుర్రాళ్ళూ ఉంటారు. మీ దగ్గర గాని, మీ దివంగత మిత్రుల ఇళ్ళలో గాని, పెద్దవైనా చిన్నవైనా ఫ్లాపీలుంటే పొడిబట్టలో చుట్టి తీసుకురండి. ఎండలో పెట్టకండి, పైనున్న లేబులు పీకకండి, బూజు ఉంటే మీరు తుడవకండి. ఖర్చేమీ లేదు, స్పిరిటు సీసా ఒకటి తెస్తే సంతోషం.

మజ్జిగ సిద్ధమైందని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు.